డిష్‌వాషర్‌కి నీళ్ళ పైపు, డ్రెయిన్ పైపు కలపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

డిష్‌వాషర్ కొన్నవాళ్ళు మొదట అడిగేది నీళ్ళు ఎక్కడినుంచి ఇవ్వాలి అని. వాడిన నీళ్ళు ఎటు పోవాలి, ఎలా పోవాలి అని అడిగేవాళ్ళు తక్కువ. బిగించాక వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు ఆ రెండో పైపు దగ్గరే మొదలవుతాయి కాబట్టి ఈ పేజీలో డ్రెయిన్ గురించి కాస్త ఎక్కువగానే రాశాను. మీ మెషీన్‌తో వచ్చిన ఇన్‌స్టలేషన్ పుస్తకం పక్కన పెట్టుకుని చదవండి. ఇక్కడ ఒక అంకె, అందులో ఇంకో అంకె కనిపిస్తే పుస్తకంలో ఉన్నదే పాటించండి.

బిగించే ముందు ఏమేం సిద్ధంగా ఉండాలి?

నీళ్ళు వచ్చే పాయింటు ఒకటి, దానికి విడిగా కట్టేసుకునే వాల్వు ఒకటి. నీళ్ళు పోవడానికి ట్రాప్ (కొంచెం నీళ్ళు నిలిపి మురుగు వాసన ఆపే వంపు పైపు) ఉన్న డ్రెయిన్. ఎర్తింగ్ ఉన్న కరెంటు సాకెట్. ఈ మూడూ మెషీన్‌కి ఒకటి, ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉంటే దానితో వచ్చే పైపులు, వైరు సాధారణంగా సరిపోతాయి. డ్రెయిన్ పైపు మెషీన్‌కి ముందే బిగించి వస్తుంది. మీరు విడిగా కొనాల్సి వచ్చేవి యాంగిల్ వాల్వు, సైజు మార్చే అడాప్టర్, ఒక స్టీలు హోస్ క్లిప్పు, పైపు కట్టడానికి ప్లాస్టిక్ టైలు. అంతకుమించి పెద్ద సామానేమీ ఉండదు.

మెషీన్ ఎక్కడ పెడితే మంచిది?

సింక్ పక్కనే. నీళ్ళూ డ్రెయినూ రెండూ అక్కడే ఉంటాయి, పైపులు పొట్టిగా సరిపోతాయి, అవి ఎంత పొట్టిగా ఉంటే గొడవ అంత తక్కువ.

ఒక విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను: వాల్వు, సాకెట్, డ్రెయిన్ జాయింటు ఈ మూడూ మెషీన్ వెనక గోడ మీద ఉండకూడదు. సింక్ కింద క్యాబినెట్‌లో, తలుపు తీస్తే చేతికి అందేలా ఉండాలి. జాయింటు కారుతున్నప్పుడు యాభై కిలోల దాకా ఉండే మెషీన్‌ని బయటికి లాగితే గానీ నీళ్ళు కట్టలేని పరిస్థితి ఎవరికీ రాకూడదు. పైగా వెనక వాల్వు ముక్కు పొడుచుకొస్తే మెషీన్ పూర్తిగా లోపలికి పోదు. బలవంతంగా నెడితే పైపు నలుగుతుంది.

నేనే బిగించుకోవచ్చా? ప్లంబర్‌ని పిలవాలా?

సింక్ కింద ఇప్పటికే వాల్వు ఉండి, ట్రాప్‌కి డిష్‌వాషర్ ముక్కు (డ్రెయిన్ పైపు తొడిగే చిన్న పక్క గొట్టం) ఉంటే స్పానర్ పట్టుకోవడం తెలిసినవాళ్ళు ఎవరైనా చేసుకోవచ్చు. గోడలోంచి కొత్త నీళ్ళ పాయింటు తీయాలన్నా, డ్రెయిన్ లైను కొత్తగా వేయాలన్నా ప్లంబర్‌ని పిలవండి. కొత్త సాకెట్ కావాలంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే. ఇంకొకటి, వారంటీ కాగితం చదవండి. కొన్ని కంపెనీలు తమ మనిషి వచ్చి బిగిస్తేనే వారంటీ అంటాయి. అలాంటప్పుడు కూడా పాయింట్లు సిద్ధం చేయడం మీ పనే. వచ్చిన మనిషి పైపులు కలిపి, ఒకసారి నడిపి చూపించి వెళ్ళిపోతాడు.

చల్లనీళ్ళు ఇవ్వాలా, వేడినీళ్ళా?

మెషీన్ ఏ పద్ధతిలో తయారైందో దాన్నిబట్టి. ఉత్తర అమెరికా మార్కెట్ కోసం చేసిన మెషీన్లు చాలావరకు వేడినీళ్ళ లైనుకే కలపాలి. అక్కడి మాన్యువల్స్ 120 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 49 డిగ్రీల సెల్సియస్ నీళ్ళు ఇవ్వమంటాయి. మిగతా చోట్ల దొరికే మెషీన్లు ఎక్కువగా చల్లనీళ్ళు తీసుకుని లోపలే హీటర్‌తో కాచుకుంటాయి. వీటిలో చాలా మోడళ్ళు 60 డిగ్రీల సెల్సియస్ దాకా వేడినీళ్ళు కూడా తట్టుకుంటాయి.

తట్టుకుంటాయి కదా అని వేడినీళ్ళే ఇవ్వనక్కర్లేదు. మొదటి కడుగు చల్లగా ఉంటేనే గుడ్డు, పాలు లాంటి మరకలు గిన్నెలకి పట్టేయకుండా వదులుతాయి. సోలార్ హీటర్ ఉన్నవాళ్ళకి కరెంటు కొంత కలిసొస్తుంది, నిజమే. కానీ సోలార్ నీళ్ళు ఒక్కోసారి 60 డిగ్రీలు దాటతాయి, ఆ లైన్లో ప్రెషర్ కూడా తక్కువ ఉండొచ్చు. అనుమానం ఉంటే చల్లనీళ్ళకే కలపండి.

మా ట్యాంకు ప్రెషర్ సరిపోతుందా?

మెషీన్ వెనక స్టిక్కర్ మీదో, పుస్తకం చివరి పేజీల్లోనో బార్ లెక్కలో రాసి ఉంటుంది. చాలా మోడళ్ళకి కనీసం 0.3 నుంచి 0.5 బార్, గరిష్ఠంగా 10 బార్. ట్యాంకు నీళ్ళైతే లెక్క సులువు. నీళ్ళ మట్టం వాల్వు కన్నా 10 మీటర్లు పైన ఉంటే సుమారు 1 బార్ ప్రెషర్ వస్తుంది. అంటే 0.3 బార్‌కి 3 మీటర్లు, 0.5 బార్‌కి 5 మీటర్లు. ట్యాంకు నేరుగా నెత్తిమీద ఉన్న పై అంతస్తువాళ్ళకే ఈ లెక్క కష్టం. కింది అంతస్తులవాళ్ళకి మామూలుగా ఇబ్బంది ఉండదు.

ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు. ధార కూడా ఉండాలి. కొన్ని మాన్యువల్స్ నిమిషానికి 10 లీటర్లు అడుగుతాయి. మెషీన్‌కి ఇవ్వబోయే పాయింటు పూర్తిగా తిప్పి బకెట్ పెట్టండి, ఫోన్‌లో టైమర్ ఆన్ చేయండి. అర నిమిషంలో 5 లీటర్లు నిండితే నిశ్చింతగా ఉండొచ్చు. సన్నగా వస్తే ముందు వాల్వులో, పైపులో పేరుకున్న తుప్పూ ఇసుకా చూడండి. ఆ తర్వాతే బూస్టర్ పంపు గురించి ఆలోచించండి.

తాగునీటి ఆర్వో ఫిల్టర్ నుంచి ఇవ్వొచ్చా అని కూడా చాలామంది అడుగుతారు. కుదరదు. ఆ ధార మెషీన్‌కి ఏమాత్రం చాలదు. సమయానికి నీళ్ళు నిండక మెషీన్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది.

సింక్ కింద ఒక్కటే పాయింటు ఉంది, అది కుళాయికి వెళ్తోంది. ఏం చేయాలి?

రెండు నోళ్ళున్న యాంగిల్ వాల్వు దొరుకుతుంది. పాతది తీసి అది పెడితే ఒక నోరు కుళాయికి, ఇంకోటి మెషీన్‌కి. కొనేటప్పుడు రెండు నోళ్ళకీ విడివిడి పిడులు ఉన్నది తీసుకోండి. ఒక్క పిడితో రెండూ కట్టేది కొంటే మెషీన్ నీళ్ళు ఆపినప్పుడల్లా సింక్‌లో కూడా నీళ్ళు ఆగిపోతాయి.

సైజు దగ్గర చాలామంది తికమకపడతారు. మెషీన్‌తో వచ్చే ఇన్‌లెట్ పైపు నట్టు సాధారణంగా ముప్పావు అంగుళం. సింక్ కింద ఉండే మామూలు యాంగిల్ వాల్వు నోరు అరంగుళం. ఒకవైపు అరంగుళం, ఇంకోవైపు ముప్పావు అంగుళం మరలున్న ఇత్తడి అడాప్టర్ పెడితే సరిపోతుంది. వాషింగ్ మెషీన్ కోసం అమ్మే వాల్వు కొంటే అది ఎలాగూ ముప్పావు అంగుళమే కాబట్టి అడాప్టర్ అవసరమే ఉండదు. అమెరికా పద్ధతి మెషీన్లలో 3/8 అంగుళం కంప్రెషన్ ఫిట్టింగ్ (నట్టు బిగిస్తే లోపలి రింగు నొక్కుకుని పట్టే జాయింటు) ఉంటుంది. రెండింటి మరలూ వేరు, ఒకదానిలో ఒకటి పట్టవు. పట్టినట్టు అనిపించినా బలవంతంగా తిప్పొద్దు.

టెఫ్లాన్ టేపు ఎక్కడ చుట్టాలి? ఎంత బిగించాలి?

వాల్వు గోడలోకి వెళ్ళే వైపు చుట్టాలి. మర తిరిగే దిక్కుకే, లాగి పట్టుకుని, మరల మీద వరసగా చుట్టండి. ఇన్‌లెట్ పైపు నట్టుకి మాత్రం టేపు అక్కర్లేదు. ఆ నట్టు లోపల రబ్బరు వాషర్ ఉంటుంది, నీళ్ళు ఆపేది అదే. అక్కడ టేపు ఎంత చుట్టినా కారడం ఆగదు, పైగా నట్టు వంకరగా ఎక్కే ప్రమాదం ఉంది.

నట్టు చేత్తో ఎంతవరకు తిరిగితే అంతవరకు తిప్పండి. ఆ తర్వాత స్పానర్‌తో పావు చుట్టు. అంతే. వాల్వు తెరవగానే జాయింటు దగ్గర చుక్క కనిపిస్తే చాలామంది ఇంకా బిగిస్తారు. ముందు విప్పి వాషర్ చూడండి. అది మడత పడిందో, పక్కకి జరిగిందో, ఒక్కోసారి డబ్బాలోనే ఉండిపోయిందో అయి ఉంటుంది. నలిగిన వాషర్‌ని ఇంకా నలిపితే ప్లాస్టిక్ నట్టు పగులుతుంది.

పైపు కలిపే ముందు ఇంకేమైనా చేయాలా?

బకెట్ పెట్టి వాల్వు తెరిచి, నాలుగైదు లీటర్లు వదిలేయండి. ఇది రెండు నిమిషాల పనే, చాలామంది దాటేసేది కూడా ఇదే. కొత్తగా కోసిన పైపులో ప్లాస్టిక్ రజను, టేపు ముక్కలు, ఇసుక ఉంటాయి. మెషీన్ వైపు, లేదా ఇన్‌లెట్ పైపు నోటిదగ్గర, గోరంత సన్నని కన్నాల జాలి ఒకటి ఉంటుంది. ఆ చెత్తంతా వచ్చి దానికే అడ్డం పడుతుంది. కొన్నాళ్ళకి మెషీన్ నీళ్ళు రావడం లేదని గోల పెడుతుంది. అప్పుడు వాల్వు కట్టి, పైపు విప్పి, జాలిని ముక్కుపటకారుతో మెల్లగా బయటికి లాగి చూస్తే గోధుమరంగు ఇసుక పొరలా అంటుకుని ఉంటుంది. కుళాయి కింద పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పోతుంది. ఆ జాలిని తీసి పారేయొద్దు. అది లేకపోతే ఇసుక లోపలి వాల్వులో ఇరుక్కుంటుంది. అప్పుడు మెషీన్ ఆఫ్‌లో ఉన్నా నీళ్ళు చుక్క చుక్కగా లోపలికి కారుతూనే ఉంటాయి.

పాత మెషీన్ పైపు కొత్తదానికి వాడొచ్చా? పొడవు చాలకపోతే?

పాతది వాడొద్దు. రబ్బరు గట్టిపడి ఉంటుంది, వాషర్ పాత నట్టు అచ్చుకి అలవాటు పడి ఉంటుంది. కొత్త మెషీన్‌తో కొత్త పైపు వచ్చింది కదా, అదే బిగించండి.

పొడవు చాలకపోతే రెండు పైపులు మధ్యలో జాయింటు వేసి కలపడం కన్నా ఒకే పొడవాటి పైపు కొనడం మేలు. మెషీన్ వెనక, కంటికి కనిపించని చోట జాయింటు ఉండకూడదు.

పైపు చివర పెద్ద ప్లాస్టిక్ పెట్టె లాంటిది ఉంటే అది లీకేజీని ఆపే సేఫ్టీ వాల్వు. అందులో కరెంటు వైరు కూడా పైపు లోపలినుంచే వస్తుంది. ఆ పైపుని కోయకూడదు, ఆ పెట్టెని నీళ్ళలో ముంచకూడదు. క్యాబినెట్‌కి కన్నం వేసేటప్పుడు ఆ పెట్టె పట్టేంత వెడల్పు ఉందా అని ముందే కొలుచుకోండి. కోసిన చెక్క అంచుల్ని గరుకు కాగితంతో నున్నగా రుద్దండి, లేకపోతే మెషీన్ కదిలినప్పుడల్లా అవి పైపుని గీస్తాయి.

డ్రెయిన్ పైపు ఎక్కడ కలపాలి?

మూడు మార్గాలున్నాయి. సింక్ కింద ట్రాప్‌కి ఉండే ముక్కుకి తొడగడం ఒకటి. గోడ పక్కన నిలువుగా లేచిన పైపులో వంచి దించడం రెండోది. తాత్కాలికంగానైతే సింక్ అంచుకి కొక్కెంతో తగిలించడం మూడోది. శాశ్వతంగా ఉండేదానికి మొదటి రెండింట్లో ఒకటి ఎంచుకోండి.

ఏదైనా సరే, కలిపే చోటు ట్రాప్ కన్నా ముందు, అంటే సింక్ వైపు ఉండాలి. ట్రాప్ దాటాక కలిపితే మురుగు వాసన నేరుగా డ్రెయిన్ పైపులోంచి మెషీన్‌లోకి వస్తుంది.

డ్రెయిన్ పైపుని పైకెత్తి కట్టాలంటారు, ఎందుకు?

ఈ ప్రశ్నకి తొందర లేకుండా జవాబు చెప్పుకోవాలి.

డిష్‌వాషర్‌లో నీళ్ళు తొట్టి అడుగున ఉంటాయి. డ్రెయిన్ పైపు అక్కడినుంచి మొదలై బయటికి వస్తుంది. పైపు ఎక్కడా పైకి లేవకుండా నేలమీదే పోయి కిందికి దిగిపోయిందనుకోండి. పంపు ఒకసారి నీళ్ళు తోసి ఆగాక కూడా పైపు నిండా నీళ్ళుంటాయి. పైపు చివర తొట్టి మట్టం కన్నా కింద ఉంది కాబట్టి ఆ నీళ్ళ బరువే వెనకున్న నీళ్ళని లాగుతుంది. క్యానులోంచి బకెట్‌లోకి రబ్బరు గొట్టంతో నూనె లాగినట్టే, ఒకసారి మొదలైతే గాలి దూరేదాకా ఆగదు. ఇప్పుడు మెషీన్ తర్వాతి కడుగు కోసం మూడు నాలుగు లీటర్లు నింపుకుంటుంది. నింపుతుంటేనే అటునుంచి జారిపోతుంటాయి. వాటితోపాటే డిటర్జెంటూ పోతుంది. గిన్నెలు జిడ్డుగానే బయటికొస్తాయి. ఇంట్లోవాళ్ళు డిటర్జెంటు మారుస్తారు, ఉప్పు పోస్తారు, స్ప్రే చేతులు కడుగుతారు. తప్పు అసలు అక్కడ ఉండదు.

రెండోది దీనికి ఎదురు సమస్య. సింక్ డ్రెయిన్ కాస్త అడ్డం పడిందనుకోండి. సింక్‌లో పోసిన మురికినీళ్ళు కిందికి పోలేక పక్కనున్న డ్రెయిన్ పైపులోంచి మెషీన్‌లోకి వెనక్కి వస్తాయి. కడిగి పెట్టిన గిన్నెల కింద సింక్ నీళ్ళు నిలుస్తాయి.

పైపుని పైకెత్తి ఒక వంపు తిప్పి కిందికి దించితే ఈ రెండూ చాలావరకు ఆగుతాయి. అందుకే మాన్యువల్స్ ఒక ఎత్తు చెబుతాయి. చాలా మోడళ్ళలో అది నేలనుంచి 40 సెంటీమీటర్లకి తగ్గకుండా, 100 సెంటీమీటర్లు దాటకుండా ఉంటుంది. ఎక్కువ ఎత్తితే పంపుకి భారమవుతుంది, నీళ్ళు పూర్తిగా పోక కొన్ని వెనక్కి జారతాయి. సింక్ కింద కలిపేవాళ్ళు పైపుని క్యాబినెట్ లోపల పైభాగందాకా, కౌంటర్ రాయి అడుగుని దాదాపు తాకేలా ఎత్తి, అక్కడ ఒక క్లిప్పు వేసి స్క్రూతో బిగించి, అప్పుడు ట్రాప్ ముక్కు దాకా దించాలి. టేపుతో అంటించి వదిలేస్తే ఆవిరికి, తడికి ఊడి కింద పడుతుంది. మెషీన్ పక్కన కంపెనీవాళ్ళే పైపుని వంపు తిప్పి బిగించి ఉంటే దాన్ని కదపొద్దు. అది ఉన్నా సింక్ కింద ఇంకో వంపు ఉండడం మంచిదే.

ఈ వంపు కూడా పూర్తి రక్షణ కాదు. సింక్ అంచుదాకా మురికినీళ్ళు నిండితే ఆ మట్టం వంపు కన్నా పైనే ఉంటుంది. మెషీన్ లోపలి నాన్-రిటర్న్ వాల్వు (నీళ్ళని ఒక్క దిక్కుకే పోనిచ్చేది) ఆపుతుంది కానీ అందులో మెతుకు ఇరుక్కుంటే అదీ ఆపలేదు. అందుకే కొన్నిచోట్ల ప్లంబింగ్ నియమాలు సింక్ పైన గాలి ఆడే ఎయిర్ గ్యాప్ ఫిట్టింగ్ తప్పనిసరి చేశాయి. మీ దగ్గర ఆ నియమం ఉంటే వంపుతో సరిపెట్టకుండా అది పెట్టాల్సిందే.

ట్రాప్ ముక్కుకి పైపు తొడిగాను. నీళ్ళు అసలు పోవడం లేదు. ఎందుకు?

ముక్కు లోపల మూసి ఉందేమో చూడండి. కొత్త ట్రాప్‌లలో డిష్‌వాషర్ ముక్కు చివర పల్చటి ప్లాస్టిక్ పొరో, మూతో ఉంటుంది. మెషీన్ లేనివాళ్ళకి అక్కడినుంచి నీళ్ళు కారకుండా పెట్టింది అది. దాన్ని కత్తితోనో, డ్రిల్‌తోనో పూర్తిగా తీసేయాలి. చిన్న కన్నం పొడిచి వదిలితే మెతుకులు అక్కడే చిక్కుకుంటాయి. కోసిన ముక్క ట్రాప్‌లోకి జారిపోకుండా బయటికి లాగండి. సింక్ కింద వేస్ట్ గ్రైండర్ ఉన్నవాళ్ళు కూడా ఇదే చూసుకోవాలి. దాని పక్కన ఉండే ముక్కులో గట్టి బిరడా ఉంటుంది. స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొడితే లోపలికి పడుతుంది. గ్రైండర్ స్విచ్ తీసేసి, దాన్ని పట్టకారుతో బయటికి తీశాకే మళ్ళీ ఆన్ చేయాలి.

పైపు తొడిగాక స్టీలు క్లిప్పు తప్పకుండా బిగించండి. పంపు నీళ్ళు తోసే ఊపుకి ఊరికే తొడిగిన పైపు ఊడిపోతుంది.

నిలువు పైపులో వదిలితే ఏం చూసుకోవాలి?

నిలువు పైపు వెడల్పు కనీసం 40 మిల్లీమీటర్లు ఉండాలి, దాని కింద ట్రాప్ ఉండాలి. డ్రెయిన్ పైపుని 10, 15 సెంటీమీటర్ల వరకే దించండి. నోటిచుట్టూ గాలి ఆడే సందు వదలండి. వాసన వస్తుందేమోనని అక్కడ సిలికాన్‌తోనో, గుడ్డతోనో మూసేస్తారు కొందరు. మూసేస్తే పైన చెప్పిన లాగుడు మళ్ళీ మొదలవుతుంది. గాలి దూరడానికి దారి ఉండడమే అక్కడ రక్షణ.

ఫ్లోర్ ట్రాప్‌లోకి నేరుగా వదలొచ్చా?

పైపుని ముందు నేలనుంచి 40 సెంటీమీటర్ల పైకి ఎత్తి, గోడకి క్లిప్పు వేసి, అప్పుడు దించితే వదలొచ్చు. చివర నీళ్ళలో మునగకూడదు, జాలికి పైనే ఉండాలి. జాలి మీద చెత్త ఉంటే నీళ్ళు నేలంతా పారతాయి కాబట్టి వేరే దారి ఉంటే నేను దీన్ని ఎంచుకోను.

వాషింగ్ మెషీన్, డిష్‌వాషర్ రెండింటికీ ఒకే డ్రెయిన్ సరిపోతుందా?

రెండు ముక్కులున్న ట్రాప్ ఉంటే సరిపోతుంది. రెండు పైపుల్నీ వై ఆకారం జాయింటుతో ఒకే సన్నని పైపులోకి కలపడం మాత్రం మంచిది కాదు. వాషింగ్ మెషీన్ పంపు తోసిన సబ్బునీళ్ళు సులువుగా ఉన్న దారి వెతుక్కుని డిష్‌వాషర్‌లోకి వెళ్ళొచ్చు. తప్పనిసరైతే దాని వైపు నాన్-రిటర్న్ వాల్వు పెట్టండి, రెండూ ఒకేసారి నడపొద్దు.

డ్రెయిన్ పైపు పొడిగించొచ్చా? వేడినీళ్ళకి పైపులు పాడవుతాయా?

మొత్తం పొడవు దాదాపు 4 మీటర్లు దాటొద్దని చాలా మాన్యువల్స్ చెబుతాయి. అదే లోపలి వ్యాసం ఉన్న పైపుతో పొడిగించాలి. మధ్యలో సన్నబడితే అక్కడే అడ్డం పడుతుంది. నేలమీద పోయే భాగం సొట్టలు, మెలికలు లేకుండా ఉండాలి.

కొన్ని ప్రోగ్రాముల్లో బయటికొచ్చే నీళ్ళు 60, 70 డిగ్రీల వేడితో ఉంటాయి. సింక్ కింద వాడే సన్నటి మడతల ఫ్లెక్సిబుల్ వేస్ట్ పైపు ఆ వేడికి మెత్తబడి సాగుతుంది, మడతల్లో జిడ్డు పేరుకుంటుంది. అలాంటిది ఉంటే మెషీన్ పెట్టేటప్పుడే తీసేసి, వేడి తట్టుకునే గట్టి ట్రాప్, పైపు వేయించండి.

కరెంటు గురించి ఒక్క మాట?

హీటర్ నడుస్తున్నప్పుడు మెషీన్ దాదాపు 2000 వాట్లు లాగుతుంది. ఎర్తింగ్ ఉన్న 16 ఆంప్స్ సాకెట్ విడిగా ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. సాకెట్ నీళ్ళ జాయింట్లకి పైన లేదా పక్కన ఉండాలి గానీ సరిగ్గా వాటి కింద ఉండకూడదు.

బిగించాక మొదటిసారి ఎలా పరీక్షించాలి?

మెషీన్‌ని లోపలికి నెట్టేముందే పరీక్షించండి. వాల్వు మెల్లగా తెరిచి, ప్రతి జాయింటు చుట్టూ పొడి టిష్యూ కాగితం తిప్పండి. కంటికి కనిపించని తడి కూడా కాగితం మీద ముదురు మచ్చలా తేలుతుంది. తర్వాత జాయింట్ల కింద కాగితం పరిచి, గిన్నెలు లేకుండా, ఉన్నవాటిలో వేడి ఎక్కువైన ప్రోగ్రాం పెట్టండి. నీళ్ళు నిండేటప్పుడు ఒకసారి, మొదటి డ్రెయిన్ అప్పుడు ఒకసారి తప్పకుండా దగ్గరుండి చూడండి. డ్రెయిన్ జాయింటు పంపు తిరిగే ఆ కాసేపే కారుతుంది. మిగతా గంటన్నర ఎంత చూసినా పొడిగానే కనిపిస్తుంది.

అంతా బాగుంటే ఇద్దరు కలిసి నెట్టండి. ఒకరు ముందునుంచి నెడుతుంటే ఇంకొకరు సింక్ క్యాబినెట్‌లోంచి పైపుల్ని మెల్లగా లాగుతుండాలి. ఒక్కరే నెడితే పైపు వెనక మడత పడుతుంది. నెట్టాక లెవెల్ చూసి కాళ్ళు సరిచేసి, కౌంటర్ కింద స్క్రూలు వేయండి. స్క్రూలు లేకపోతే కింది ట్రే నిండా గిన్నెలతో బయటికి లాగినప్పుడు మెషీన్ ముందుకి వాలుతుంది. చివరిగా ఇంకోసారి నడిపి డ్రెయిన్ అవుతుందో లేదో చూడండి. మడత పడి ఉంటే ఇప్పుడే తెలుస్తుంది.

కడిగాక అడుగున కొంచెం నీళ్ళు మిగిలాయి. తప్పేనా?

ఫిల్టర్ తీస్తే కింద గుంటలో కనిపించే కొద్దిపాటి నీళ్ళు మామూలే, రబ్బరు సీళ్ళు ఎండిపోకుండా అవి ఉండాలి. ఫిల్టర్ పైకి వచ్చి తొట్టి అడుగంతా నిలిస్తే మాత్రం తప్పే. ఫిల్టర్, పైపు మడత, ట్రాప్ ముక్కు, వంపు ఎత్తు ఈ వరసలో చూడండి. ఆ నీళ్ళలో మీరు మెషీన్‌లో పెట్టని కూరగాయ తొక్కలు కనిపిస్తే అవి సింక్‌నుంచి వెనక్కి వచ్చినవి.

మెషీన్ ఆగిపోయి డ్రెయిన్ పంపు ఒకటే తిరుగుతోంది. ఏమైంది?

చాలా మెషీన్ల అడుగు ట్రేలో ఒక ఫ్లోట్ ఉంటుంది. ట్రేలోకి నీళ్ళు చేరగానే అది తేలి, నీళ్ళు రావడం ఆపి, పంపు నడిపిస్తుంది. బాష్ మెషీన్లలో ఇది ఈ15 అని కనిపిస్తుంది. వెంటనే వాల్వు కట్టి, ప్లగ్ తీయండి. మెషీన్‌ని వెనక్కి వంచి ట్రేలో నీళ్ళు ఒంపేస్తే ఎర్రర్ పోతుందని చెప్పేవాళ్ళున్నారు. పోతుంది, కానీ నీళ్ళు ఎక్కడినుంచి కారాయో తెలియకుండా మళ్ళీ నడిపితే మళ్ళీ అదే వస్తుంది. కారణం కనిపించకపోతే సర్వీసుకి ఫోన్ చేయండి.

నీళ్ళు ఆగినప్పుడల్లా గోడలో దభీమని చప్పుడు వస్తోంది.

మెషీన్ లోపలి వాల్వు ఒక్కసారిగా మూసుకోవడంతో పరుగుమీదున్న నీళ్ళు పైపుని కొడుతున్నాయి. వదులుగా ఉన్న పైపులకి క్లిప్పులు వేయించండి, యాంగిల్ వాల్వుని కొంచెం తగ్గించి చూడండి. ఇంకా ఉంటే వాల్వు దగ్గర వాటర్ హామర్ అరెస్టర్ (ఆ దెబ్బని మింగే చిన్న ఫిట్టింగ్) పెట్టించండి. వదిలేస్తే కొన్నేళ్ళకి జాయింట్లు వదులవుతాయి.

మా నీళ్ళు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. పైపు లైన్లో ఏమైనా పెట్టాలా?

చాలా మెషీన్లలో సాఫ్ట్‌నర్ (నీటి గట్టిదనం తగ్గించేది) లోపలే ఉంటుంది. దానికి డిష్‌వాషర్ ఉప్పు మాత్రమే పోయాలి, వంట ఉప్పు కాదు. మీరు చేయాల్సింది నీటి హార్డ్‌నెస్ పరీక్షించి మెషీన్‌లో ఆ స్థాయి సెట్ చేయడం. టీడీఎస్ (నీళ్ళలో కరిగిన మొత్తం పదార్థాలు) మీటర్ చూపించేది హార్డ్‌నెస్ కాదు, దానికి విడిగా స్ట్రిప్పులు దొరుకుతాయి. ఇసుక వచ్చే లైనైతే వాల్వుకి ముందు కడుక్కునే వీలున్న ఫిల్టర్ ఒకటి పెట్టండి.

అద్దె ఇల్లు, గోడలు ముట్టుకోకూడదు. దారుందా?

ఉంది. కుళాయి మూతికి మర ఉంటే త్వరగా తగిలించి తీసే అడాప్టర్‌తో నీళ్ళు ఇచ్చుకోవచ్చు, డ్రెయిన్‌ని కొక్కెంతో సింక్‌లోకి వేసుకోవచ్చు. కొక్కెం గట్టిగా పట్టిందో లేదో ప్రతిసారీ చూడండి, పంపు ఊపుకి పైపు ఎగిరి నేలంతా తడుస్తుంది. కౌంటర్ మీద పెట్టే చిన్న మెషీన్లలో కొన్నిటికి సొంత నీళ్ళ ట్యాంకు ఉంటుంది, చేత్తో పోస్తే చాలు. డ్రెయిన్ మాత్రం వాటికీ కావాలి.

ఊరెళ్ళేటప్పుడు ఏం చేయాలి? ఇల్లు మారేటప్పుడు?

నాలుగు రోజులైనా సరే, వెళ్ళేముందు వాల్వు కట్టేసి వెళ్ళండి. ఇన్‌లెట్ పైపులో ప్రెషర్ రాత్రీ పగలూ ఉంటుంది, మెషీన్ ఆఫ్ చేసినా తగ్గదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వాల్వుని మూసి తెరుస్తూ ఉంటే పట్టేయకుండా ఉంటుంది.

ఇల్లు మారేటప్పుడు ముందు డ్రెయిన్ ప్రోగ్రాం నడిపి, వాల్వు కట్టి, ప్లగ్ తీసి, బకెట్ పెట్టుకుని పైపులు విప్పండి. రెండు పైపుల చివరల్నీ ప్లాస్టిక్ కవరుతో కట్టి మెషీన్ పైకి ఎత్తి అంటించండి. మెషీన్‌ని నిలువుగానే మోయించండి. పాత ఇంట్లో ట్రాప్ ముక్కుకి మూత పెట్టడం మర్చిపోవద్దు, మీరు కోసిన పొర మళ్ళీ రాదు కాబట్టి తర్వాత వచ్చేవాళ్ళు సింక్‌లో నీళ్ళు వదలగానే క్యాబినెట్ తడిసిపోతుంది.